స్థిరపడిన తరువాత జాగ్రత్త!
(రేడియో ప్రసంగం)

ఈ దినము దేవుని వాక్యములోనుండి ఒక రాజు జీవితమును ధ్యానించుకుందాం. మీ దగ్గర బైబిలు ఉన్నట్లయితే రెండవ దినవృత్తాంతముల గ్రంథము 26వ అధ్యాయము తెరవండి. అక్కడ ఉజ్జియా అనే యూదా రాజు మనకు కనబడుతున్నాడు.

ఉజ్జియా 16 ఏళ్ల ప్రాయములో సింహాసనము ఎక్కాడు. 52 సంవత్సరాలు యెరూషలేములో ఏలాడు. ఫిలిష్తీయులను జయించి గాతు, యబ్నె, అష్డోదు ప్రాకారాలను పడగొట్టించాడు. అరణ్యములో బురుజులు కట్టించాడు, బావులు త్రవ్వించాడు. వ్యవసాయమంటే అతనికి ఎంతో ఇష్టం. అతని సైన్యము 3,07,500 మంది. బాణాలను, పెద్ద రాళ్లను విసిరే యంత్రాలను కూడా చేయించి బురుజుల మీద పెట్టించాడు. అతని పేరు దూరదేశాల వరకు వ్యాపించింది.

ఇదంతా ఎలా జరిగింది? జెకర్యా అనే దైవభక్తుని బోధ విని, అతడు దేవుని వెదకుతూ వచ్చాడు. దేవుడు అతనికి సహాయము చేశాడు. ఉజ్జియా అనే పేరుకు యెహోవా నా బలము అని అర్థం. రాజుల గ్రంథములో ఇతనికే అజర్యా అనే మరొక పేరున్నది. దానికి యెహోవా సహాయము చేసెను అని అర్థం. చూశారా! ఎవరు ఏ పేరుతో పిలిచినా, నీ బలము నీది కాదు అనే సంగతి అతని చెవిన పడుతూనే ఉంది.

అయితే 15, 16 వచనాలు జాగ్రత్తగా చదవండి. అతడు స్థిరపడే వరకు ఆశ్చర్యకరమైన సహాయము కలిగింది. స్థిరపడిన తరువాత మనస్సులో గర్వించి చెడిపోయాడు. కష్టకాలములో కాదు, కష్టాలు తీరిన తరువాత పడిపోయాడు. అప్పు ఉన్నప్పుడు ఉపవాసముండి ప్రార్థించాం. అప్పు తీరింది, ఇల్లు కట్టుకున్నాం, పిల్లలు ఉద్యోగాలలో స్థిరపడ్డారు. ఇప్పుడు మన సాక్ష్యములో దేవుడు చేశాడు అనే మాట కంటె నేను చేశాను అనే మాట ఎక్కువగా వినబడుతున్నదా? పరీక్షించుకుందాం.

మరొక సంగతి. గర్వము ఏమి చేస్తుందో ఉజ్జియాకు తెలియదా? బాగా తెలుసు. అతని తండ్రి అమజ్యా ఎదోమీయులను జయించి, ఆ విజయముతో ఉప్పొంగి, ఇశ్రాయేలు రాజును యుద్ధానికి పిలిచి ఓడిపోయాడు. ఆ రోజున ఎఫ్రాయిము గుమ్మము మొదలు మూల గుమ్మము వరకు యెరూషలేము ప్రాకారము 400 మూరలు పడగొట్టబడింది. తరువాత ఉజ్జియా అదే మూల గుమ్మము దగ్గర బురుజు కట్టించాడు. తండ్రి గర్వము వలన కూలిన చోట గోడను బలపరచాడు గాని, తన హృదయానికి కాపలా పెట్టుకోలేదు!

ఆ గర్వము ఎక్కడ బయటపడింది? మద్యము దగ్గర కాదు, జూదము దగ్గర కాదు, దేవుని మందిరములో! ధూపము వేయడం మంచి పనే. కాని అది అహరోను సంతతివారైన యాజకులకు దేవుడు అప్పగించిన పని. రాజ్యమిచ్చిన దేవుడు రాజుకు ఒక హద్దు కూడా ఇచ్చాడు. నాకు హద్దేమిటి అనుకున్నాడు ఉజ్జియా. ప్రియులారా, గర్వము భక్తి వేషములో కూడా వస్తుంది. పాట పాడేవారికి, ప్రార్థన చేసేవారికి, చందా ఇచ్చి శిలాఫలకము మీద పేరు కోసం చూసేవారికి, సంఘపెద్దలకు, మైకు ముందు నిలబడే నా వంటివారికి కూడా ఇది హెచ్చరిక.

అప్పుడు ఏమి జరిగింది? ప్రధాన యాజకుడు 80 మంది ధైర్యవంతులైన యాజకులతో లోపలికి వచ్చి రాజుకు ఎదురుగా నిలబడ్డాడు. ఇది నీ పని కాదు, బయటికి వెళ్లు అన్నాడు. ఆ యాజకుని పేరు కూడా అజర్యా! అవును, దేవుడు సహాయము చేసెను అనే పేరే. ఉజ్జియాకు అంతవరకు సైన్యము, పంటలు, విజయాలు అనే రూపాలలో వచ్చిన దేవుని సహాయము ఆ రోజున గద్దింపు రూపములో వచ్చింది. అన్ని సహాయాలను అందుకున్న రాజు ఈ ఒక్క సహాయాన్ని త్రోసివేశాడు.

గమనించండి, లోపలికి వెళ్లగానే కుష్ఠు రాలేదు. ధూపార్తి పట్టుకోగానే రాలేదు. యాజకుల మీద కోపపడుతూ ఉండగా అతని నుదుట కుష్ఠు కనబడింది. చేతిలోని ధూపార్తిని క్రింద పెట్టడానికి దేవుడు అతనికి సమయమిచ్చాడు. కాదని కోపము తెచ్చుకున్నాడు.

నా సంగతి ఒకటి ఒప్పుకుంటాను. కొన్ని సంవత్సరాల క్రితము ఒక కూటములో ప్రసంగించి దిగాను. అందరూ బాగుందన్నారు. ఒక వృద్ధ సహోదరి మాత్రం దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఈ పూట ప్రభువు సంగతి కంటె మీ సంగతే ఎక్కువ చెప్పారండీ" అన్నది. పైకి నవ్వాను గాని, ఈమెకేమి తెలుసు అని లోపల మండిపోయింది. ఆ రాత్రి ఈ అధ్యాయము చదువుతుంటే, నా చేతిలో ధూపార్తి ఉన్నట్లు ప్రభువు నాకు చూపించాడు. మరుసటి దినము ఆమె ఇంటికి వెళ్లి, "అమ్మా, మీరు చెప్పింది నిజమే" అన్నాను. ఆ మాట చెప్పడం ప్రసంగము చేయడం కంటె కష్టమైంది.

దావీదు పాపము చిన్నదా? కాదు. కాని నాతాను వేలు చూపినప్పుడు నేను పాపము చేశానని ఒప్పుకున్నాడు. ఉజ్జియా ఒప్పుకోలేదు. మరణ దినము వరకు ప్రత్యేకమైన ఇంటిలో ఒంటరిగా బ్రతికాడు. కుమారుడైన యోతాము రాజ్యభారము వహించాడు.

ధర్మశాస్త్రము ప్రకారము కుష్ఠరోగి తాను అపవిత్రుడనని చెప్పుకోవాలి. రాజుగా ఉండి తప్పు ఒప్పుకోనివాడు రోగిగా ఆ మాట చెప్పుకోవలసి వచ్చింది. అయితే ఉజ్జియా మరణించిన సంవత్సరములోనే యెషయా ప్రవక్త సింహాసనాసీనుడైన ప్రభువును చూశాడు. ఎవరూ వేలు చూపకముందే, నా పెదవులు అపవిత్రమైనవని తానే ఒప్పుకున్నాడు. బలిపీఠము మీది నిప్పు అతని పెదవులకు తగిలింది, దోషము తొలగిపోయింది, దేవుడు అతనిని పంపాడు. దేవుడు ఒకరిని ప్రేమించి మరొకరిని ద్వేషించాడా? లేదు. ఒకరు ఒప్పుకున్నారు, మరొకరు కోపపడ్డారు.

కాబట్టి ఈ వారము మూడు పనులు చేద్దాం. ఒకటి, ప్రతి రాత్రి ఆ దినమున మనకు కలిగిన సహాయాలను, అవి ఎవరి ద్వారా వచ్చినవో పేరుపేరునా తలచి దేవుని స్తుతించుదాం. రెండు, ఎవరికీ కనబడని ఒక పని, మందిరము ఊడ్చడమో, చాపలు పరచడమో, రోగిని చూచి రావడమో, చేసి ఎవరికీ చెప్పకుండా ఉందాం. మూడు, మన తప్పు చెప్పే భార్య మాట, భర్త మాట, పిల్లల మాట వెంటనే కొట్టివేయకుండా ఒక రాత్రి దానిని ప్రార్థనలో పెట్టుదాం. ఆ మాటే మన అజర్యా కావచ్చు.

ఇదంతా మన స్వశక్తితో సాధ్యము కాదు. ఉజ్జియా రాజై యుండి యాజకుని పని లాక్కోబోయాడు. మన యేసు ప్రభువు రాజై యుండి దాసుని పని చేతపట్టి శిష్యుల పాదాలు కడిగాడు. కుష్ఠరోగిని ముట్టి శుద్ధునిగా చేశాడు. సిలువ వరకు దిగివచ్చిన ఆయనను చూచినప్పుడే మన తల వంగుతుంది.

ప్రార్థించుకుందాం. ప్రేమగల తండ్రీ, మమ్మును స్థిరపరచినది నీవే. స్థిరపడిన తరువాత నిన్ను మరచిన మమ్మును క్షమించుము. గద్దింపును నీ సహాయముగా అంగీకరించే మనస్సు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.