ఎదగడానికి కాస్త గుడ్డ వదలండి

పదమూడేళ్ల పిల్ల అద్దం ముందు నిలబడి "ఈ డ్రెస్ బాగుందా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న అడుగున "నేనెవర్ని?" అన్న ఇంకో ప్రశ్న ఉంటుంది. ఒకప్పుడు దానికి జవాబు ఇల్లు చెప్పేది, ఊరు చెప్పేది. ఇవాళ అందరికంటే ముందు అంగడి చెబుతోంది.

మా ఊళ్లో టైలరు కొలతలు తీసుకుంటుంటే అమ్మ పక్కనే నిలబడి ఒకే మాట చెప్పేది. "ఎదిగే పిల్ల అన్నా, కింద మూడు మడతలు పెట్టి కుట్టు." ఆయన అలాగేనమ్మా అని టేపు మెడలో వేసుకుని కొలతలు పుస్తకంలో రాసుకునేవాడు. పరికిణీ అంచుకి కాస్త పైన మూడు మడతలు వచ్చేవి. మొదటిది ఆరో తరగతిలో విప్పింది అమ్మ, రెండోది ఏడో తరగతిలో. బ్లేడుతో దారం తెంపి లాగితే, విప్పిన మేర గుడ్డ కొత్తదానిలా మెరిసేది. మిగతా పరికిణీ ఉతికి ఉతికి వెలిసిపోయింది కదా, ఆ రెండు వేళ్ల వెడల్పు పట్టీ ముదురు రంగులో చుట్టూతా కనపడేది. నాకు తల కొట్టేసినట్టుండేది. ఎవరైనా చూస్తారేమోనని బెంచీ కింద కాళ్లు ముడుచుకుని కూర్చునేదాన్ని.

మొన్న మే నెలలో, విజయవాడ ఎండ మాడ్చేస్తున్న రోజుల్లో, మా అమ్మాయి హూడీ కావాలంది. తనకి పద్నాలుగేళ్లు. "ఈ ఎండలో ఉన్ని టోపీ చొక్కా ఏంటే?" అన్నాను. "అందరూ వేసుకుంటున్నారమ్మా" అంది. తిట్టడానికి నోరు తెరిచాను. బెంచీ కింద ముడుచుకున్న నా కాళ్లు గుర్తొచ్చాయి. ఆగిపోయాను.

అందరూ నన్నే చూస్తున్నారు

ఆ వయసులో ఈ భయం అంత బలంగా ఎందుకుంటుందో అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ ఎల్కైండ్ 1967లో వివరించాడు. బాల్యం దాటుతున్న పిల్లలకి ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఊహించే శక్తి కొత్తగా వస్తుంది. కొత్తగా వచ్చింది కాబట్టి దాని కొలత తెలియదు. తన గురించి తను ఎంత ఆలోచిస్తోందో లోకమంతా తన గురించి అంత ఆలోచిస్తోందనుకుంటుంది పిల్ల. ఇలా తననే చూస్తున్నారని పిల్ల అనుకునే జనాన్ని ఎల్కైండ్ 'ఊహా ప్రేక్షకులు' అన్నాడు. ముక్కు మీద మొటిమ లేస్తే బడికి వెళ్లనని ఏడ్చే పిల్ల కంటికి ఆ ప్రేక్షకులు నిజంగానే కనపడుతుంటారు.

అంతకుముందే, 1950లో వచ్చిన 'చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ'లో ఎరిక్ ఎరిక్సన్ కౌమారాన్ని తానెవరో తేల్చుకునే దశ అన్నాడు. తేల్చుకోవాలంటే వేసి చూడాలి, విప్పి చూడాలి. ఒక నెలంతా నల్ల బట్టలు, ఇంకో నెల అన్నయ్య చొక్కాలు, ఉన్నట్టుండి జుట్టు కత్తిరింపు. పెద్దవాళ్లకి ఇది నిలకడలేనితనంలా కనిపిస్తుంది. పిల్లలకి అది వెతుకులాట. బట్ట ఒక్కటే వాళ్ల చేతిలో ఉన్న పనిముట్టు. చదువు, ఇల్లు, ఊరు పెద్దవాళ్లు నిర్ణయించినవే.

మన బళ్లలో 'కలర్ డ్రెస్' సంగతి తీసుకోండి. పుట్టినరోజు పిల్ల ఒక్కతే రంగు బట్టల్లో, చేతిలో చాక్లెట్ల డబ్బాతో ఉంటుంది. మిగతా వాళ్లంతా యూనిఫాంలో ఉంటారు. ఆ పూట ఆ క్లాసుకి ఆమె రాణి. అదే క్లాసులో, కొత్త గౌను కొనలేదు కాబట్టి, పుట్టినరోజు సంగతే ఎవరికీ చెప్పకుండా యూనిఫాంలో వచ్చి వెళ్లిపోయే పిల్లా ఉంటుంది. తేడాలు చెరిపేయడానికే యూనిఫాం పెట్టాం. పిల్లల కళ్లు బూట్ల దగ్గర, బ్యాగు దగ్గర, వాచీ దగ్గర ఆ తేడాల్ని మళ్లీ పట్టుకుంటాయి. లోగో కుట్టు చూసి షూ అసలుదో 'ఫస్ట్ కాపీ'నో చెప్పగల కళ్లు ఎనిమిదో తరగతికే తయారవుతున్నాయి.

అలాగని లేనింటి పిల్లాడు మంచి చొక్కా అడిగితే దాన్ని షోకు అనకండి. ఎవరు ఏ బట్ట ఎలా కట్టాలో, చెప్పులు తొడగాలో వద్దో కులాన్ని బట్టి నిర్ణయించిన నేల ఇది. 1927 డిసెంబరులో మహారాష్ట్రలోని మహద్‌లో అంబేడ్కర్ దళిత స్త్రీలతో ప్రత్యేకంగా మాట్లాడి, పై కులాల స్త్రీలు కట్టినట్టే చీర కట్టుకోమని, అంటరానితనాన్ని చాటే గుర్తుల్ని వదిలేయమని చెప్పాడు. ఇస్త్రీ చొక్కా కోసం పిల్లాడు పట్టే పేచీలో ఆ గౌరవం కోసం ఆరాటం ఉంటుంది. దాన్ని గుర్తించకుండా పొదుపు గురించి పాఠం చెబితే వాడి చెవికి ఎక్కదు.

నడిమి మెట్టు

మా తరం ఆడపిల్లలకి ఎదుగుదల మెట్లు మెట్లుగా కనిపించేది. పరికిణీ, తర్వాత లంగా ఓణీ, ఆ తర్వాత చీర. మగపిల్లలకి నిక్కరు, పొడుగు ప్యాంటు. కొన్ని ఇళ్లలో పంచెల వేడుక. అటు పసిపిల్లా కాదు, ఇటు పెద్దదీ కాదు అన్న ఆ నడిమి కాలానికి ఓణీ అనే సొంత బట్ట ఉండేది. రోజూ కట్టుకుని బడికెళ్లే బట్ట, నీళ్లు తోడేటప్పుడు నడుముకి బిగించుకునే బట్ట.

ఆ మెట్ల మీద ముళ్లూ ఉండేవి. ఓణీ వేశారంటే పిల్ల ఒంట్లో వచ్చిన మార్పుని ఊరందరికీ చాటినట్టే. ఆటలు ఆగిపోయేవి. చాలామందికి చదువూ ఆగేది, పెళ్లిమాటలు మొదలయ్యేవి. ఆ రోజులు తిరిగి రావాలని నేను ఎన్నటికీ కోరుకోను. తర్వాత వచ్చిన పంజాబీ డ్రెస్సులో ఆడపిల్ల సైకిలు తొక్కడం, బస్సెక్కి కాలేజీకి పరిగెత్తడం తేలికైంది. అది చిన్న సంగతేం కాదు.

ఇవాళ రోజువారీ బట్టగా ఓణీ పోయింది. ఓణీల ఫంక్షన్ మాత్రం పెరిగింది. ఫంక్షన్ హాలు, డ్రోన్ కెమెరా, మేకప్ ఆర్టిస్టు, వారం ముందే ఫొటోషూట్, వీధి మొదట్లో పిల్ల నిలువెత్తు ఫ్లెక్సీ. ఒక వయసు మొత్తానికి తోడుగా ఉన్న బట్ట ఒక పూట వేషమైంది. ఇంకోవైపు అయిదేళ్ల పాపకి అమ్మ చీరకి జోడీగా మగ్గం వర్క్ జాకెట్టు కుట్టిస్తున్నాం. నలభై ఏళ్ల తండ్రి, పదేళ్ల కొడుకు ఒకే రకం చిరుగుల జీన్స్‌లో తిరుగుతున్నారు. నడిమి మెట్టు మీద నిలబడి ఊపిరి పీల్చుకునే వ్యవధి పిల్లలకి లేకుండా పోతోంది.

అంగడికి దొరికిన వయసు

ఈ వయసుని వ్యాపారం కనిపెట్టిన కాలాన్ని దాదాపుగా చెప్పొచ్చు. 1944 సెప్టెంబరులో అమెరికాలో 'సెవెన్టీన్' పత్రిక మొదలైంది. ఆ పత్రిక వాళ్లు పాఠకురాళ్ల మీద సర్వే చేయించి, 'టీనా' అనే ఊహా బాలికని తయారుచేశారు. టీనా ఏం తొడుక్కుంటుంది, ఏం కొంటుంది, స్నేహితురాళ్లని చూసి ఎలా మారుతుంది అన్నది ప్రకటనలిచ్చే కంపెనీల ముందు పెట్టారు. తానెవరో తేల్చుకోని పిల్లంత మంచి కొనుగోలుదారు ఇంకొకరు ఉండరని వాళ్లకి అర్థమైంది. ఎందుకంటే ఆ లోటు ఒక గౌనుతో తీరేది కాదు. ఎన్ని కొన్నా మిగిలే ఉంటుంది.

జీన్స్ కథలో ఈ మార్పు మొత్తం కనిపిస్తుంది. 1873లో జేకబ్ డేవిస్, లెవీ స్ట్రాస్ రాగి రివెట్లకి పేటెంటు తీసుకున్నప్పుడు అది కష్టజీవుల పంట్లాం. 1955లో 'రెబెల్ వితౌట్ ఎ కాజ్' సినిమాలో జేమ్స్ డీన్ తొడిగాక కుర్రకారు తిరుగుబాటుకి గుర్తైంది. మన దగ్గర 1995లో అరవింద్ మిల్స్ 'రఫ్ అండ్ టఫ్' పేరుతో 195 రూపాయలకి జీన్స్ కిట్ అమ్మింది. గుడ్డ, జిప్పు, రివెట్లు అన్నీ ఒకే పొట్లంలో ఉండేవి. పట్టుకెళ్లి మన టైలరుకిస్తే మన నడుముకి కుట్టేవాడు. అక్కడ కొలత మనిషిది.

ఇప్పుడు కొలత బట్టది. ఎస్, ఎం, ఎల్ అని ముందే తేల్చిన సైజుల్లో ఒళ్లు ఇమడాలి. ట్రయల్ రూంలో ప్యాంటు తొడకి పట్టేస్తే పిల్ల ప్యాంటుని తప్పుపట్టదు, తన ఒంటిని తప్పుపడుతుంది. రాత్రి అన్నం మానేస్తుంది. తల్లులూ, ఈ సంగతి గమనించండి.

వేగం కూడా మారింది. 1970ల బెల్‌బాటం సినిమాల్లో కనపడి పల్లెకి చేరేసరికి చాలాకాలం పట్టేది. సంక్రాంతికి ఒకే తానులోంచి అన్నదమ్ములందరికీ చొక్కాలు కుట్టించేవారు. ఇవాళ పొద్దున రీల్‌లో చూసిన టాప్ మూడు రోజుల్లో గుమ్మంలోకి వస్తోంది. 2016లో మొదలైన జూడియో లాంటి చవక దుకాణాలు జిల్లా కేంద్రాల దాకా వచ్చాయి. కరీంనగర్ పిల్లాడు, హైదరాబాద్ పిల్లాడు ఒకే టీషర్టు తొడుగుతున్నారు. చిన్న ఊరి పిల్లల్లో న్యూనతాభావం కొంత తగ్గింది, అందుకు సంతోషించాలి. పోయింది మాత్రం నిరీక్షణ. పండగ దాకా ఆగి, అప్పటికీ అది కావాలనే అనిపిస్తోందా అని మనసుని అడిగే వ్యవధి.

ఎల్కైండ్ ఊహా ప్రేక్షకులన్నాడు. ఇన్‌స్టాగ్రామ్ ఇప్పుడు ఆ ప్రేక్షకులని లెక్కపెట్టి చూపిస్తోంది. ఎంతమంది చూశారు, ఎంతమంది మెచ్చుకున్నారు, ఎంతమంది చూసి ఊరుకున్నారు అన్నీ అంకెల్లో ఉంటాయి. 18 ఏళ్లలోపు పిల్లల అలవాట్లని వెంటాడి వాళ్లకి గురిపెట్టి ప్రకటనలు చూపించకూడదని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. చట్టం కావాల్సిందే. కానీ రీల్ చేస్తున్న అక్క అదే వయసు నేస్తంలా మాట్లాడుతూ బట్టలు అమ్ముతుంటే అది ప్రకటన అని పిల్లకి ఎవరు చెప్పాలి?

పేపరు ప్లేటు మీద నాలుగు మాటలు

2007లో లాన్ చాప్లిన్, డెబొరా రోడర్ జాన్ అనే ఇద్దరు పరిశోధకులు 8 నుంచి 18 ఏళ్ల పిల్లలతో ఒక అధ్యయనం చేశారు. వస్తువులతోనే ఆనందం అన్న భావన ఎనిమిదేళ్లప్పటి కంటే 12, 13 ఏళ్లకి బాగా పెరిగింది. 16 దాటాక తగ్గింది. తన మీద తనకున్న నమ్మకం సరిగ్గా దీనికి ఎదురు దారిలో నడిచింది. నమ్మకం కుంగిన వయసులో వస్తువుల మీద మోజు పొంగింది.

తర్వాత వాళ్లు చేసిన పనే నన్ను కదిలించింది. తోటివాళ్లు తమ గురించి చెప్పిన మంచి మాటలు రాసిన పేపరు ప్లేటుని పిల్లల చేతికిచ్చారు. నాలుగు మంచి మాటలు, అంతే. 12, 13 ఏళ్ల పిల్లల్లో వస్తువుల మోజు గట్టిగా తగ్గింది.

బ్రాండు అమ్మజూపేది కూడా ఆ ప్లేటు మీద ఉన్నదే. 'నువ్వు బాగున్నావు, మాలో ఒకదానివి' అన్న మాట. అది ఇంట్లో, క్లాసులో ఊరికే దొరికితే పిల్ల దుకాణానికి వెళ్లి దాన్ని కొనుక్కోవాల్సిన అవసరం తగ్గుతుంది.

అదే వయసు, ఇంకో పిల్ల

మన పిల్లలకి బట్ట కథ మొత్తం చెప్పాలి. గద్వాల, నంద్యాల ప్రాంతాల సీడ్ పత్తి చేలలో హైబ్రిడ్ విత్తనం కోసం ఒక్కో పువ్వుకీ చేత్తో 'క్రాసింగ్' చేస్తారు. మొగ్గ విప్పి పుప్పొడి భాగం తీసేసి, మర్నాడు ఇంకో రకం పువ్వు పుప్పొడి రుద్దాలి. ఈ పనికి ఏళ్ల తరబడి బడి మాన్పించి తెచ్చింది ఎక్కువగా ఆడపిల్లలనే. బాలల హక్కుల సంఘాల పోరాటంతో ఆ సంఖ్య తగ్గుతూ వచ్చింది. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా అనే భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది విదేశీ బ్రాండ్లకి బట్టలు కుట్టే యువతులు. మన పిల్లలది న్యాయం కోసం తపించే వయసు కూడా. చెబితే మనకంటే లోతుగా వింటారు.

మనం చేయగలిగినవి

బట్టలకి ఏడాదికింత అని పిల్ల చేతికే ఇవ్వండి. తప్పు కొననివ్వండి, ఆ తప్పుతో ఏడాది గడపనివ్వండి.

"లావయ్యావు", "నలుపు కదా, ఆ రంగు నప్పదు" అన్న మాటలు ఇంట్లో ఆపండి. చుట్టాలు అంటే పిల్ల ముందే వాళ్లని ఆపండి.

సూదీ దారం ఆడపిల్లకీ మగపిల్లాడికీ నేర్పండి. గుండీ కుట్టుకున్న చొక్కా మీద మమకారం వేరు.

బడుల్లో పుట్టినరోజున కలర్ డ్రెస్ బదులు, క్లాసంతా ఆ పిల్ల గురించి తలో మంచి మాట రాసి ఇవ్వొచ్చు. యూనిఫాంలో వచ్చిన పిల్లకీ అది అందుతుంది.

మా అమ్మాయి అడిగిన హూడీ కొన్నాను. సొంత డబ్బు సగం వేసుకుంది. దసరాకి ఊరెళ్లినప్పుడు అమ్మ ట్రంకుపెట్టెలో నా పరికిణీ బయటపడింది. మా అమ్మాయి దాన్ని మంచం మీద పరిచి, వెలిసిన రంగు మధ్య మెరుస్తున్న ఆ పట్టీల్ని చూసి "ఇదేం డిజైనమ్మా, భలే ఉంది" అంది. మడతల సంగతి చెప్పాను. వేలితో అంచు తడుముతూ ఇంకా కుట్టు విప్పని మూడో మడత దగ్గర ఆగింది.

"ఇది విప్పలేదేం?"

"విప్పేలోగా ఓణీ వేసేశారు."

తను చాలాసేపు ఆ మడత మీంచి వేలు తీయలేదు.