మసక దీపాలకూ లెక్కుంది

రాత్రిపూట గోదావరి వంతెన వైపు నుంచి గోదావరిఖనికి వచ్చే రోడ్డును గమనించండి. దూరాన కనిపించేవన్నీ లారీల దీపాలే. షిఫ్టు దిగి సైకిలు మీద వచ్చే మనిషి టార్చిలైటు దగ్గరికొస్తే గానీ కంటికానదు. అంతమాత్రాన ఆ దారిలో లారీలే ఎక్కువంటే నవ్వరూ? ఆకాశంలో వెలుగులు లెక్కబెట్టే శాస్త్రవేత్తలకూ ఇదే చిక్కు!

సూర్యుడి లాంటి కోట్లాది నక్షత్రాల గుంపు గెలాక్సీ. పెద్ద గెలాక్సీల నడిమధ్య ఒక మహా కృష్ణబిలం ఉంటుంది. చుట్టూ ఉన్న వాయువు సుడి తిరుగుతూ అందులో పడేటప్పుడు వేడెక్కి వెలుగుతుంది. ఆ వెలుగు ముందు ఒక్కోసారి గెలాక్సీ అంతా వెలవెలబోతుంది. అలా బాగా వెలిగేవే క్వాసార్లు. 1963లో మార్టెన్ ష్మిట్ గుర్తించిన క్వాసార్ నుంచి వెలుగు మనల్ని చేరడానికి 200 కోట్ల ఏళ్లకు పైనే పడుతుంది.

ఏ స్థాయి వెలుగువి ఎన్ని ఉన్నాయి? 100 రెట్లు ఎక్కువ వెలిగేది 10 రెట్ల దూరం నుంచి కనిపిస్తుంది. అంటే మనం వెతికే చోటు 1000 రెట్లు పెరుగుతుంది. అందుకే ష్మిట్ 1968లో ఒక పద్ధతి చెప్పారు. ప్రతి దీపం ఎంత దూరం వరకు కనిపించగలదో చూసి, దాన్నిబట్టి లెక్క సరిదిద్దాలి. అలా చూస్తే మసకవే చాలా ఎక్కువని తేలింది. ధూళి చాటున ఉన్నవాటిని 1999లో నింగికెగిరిన చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపు వంటివి పట్టుకున్నాయి.

ఇలాంటి ఓపిక మనవాళ్లకు కొత్త కాదు. హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీ వాళ్లు గత శతాబ్దంలో ఫొటో పలకల మీద ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచారు. అది చుక్కల చోటు లెక్క, ఇది వెలుగు లెక్క.

"గంత దూరపువి లెక్కబెడితే మనకేమొస్తదే?" అంది మా అత్తమ్మ. "చిల్లర ఖర్చు రాయకుంటే ఇంటి పద్దు కుదురుతుందా అత్తమ్మా?" అన్నాను. ఈ వెలుగులన్నీ కూడితే కృష్ణబిలాలు ఇన్నేళ్లలో ఎంత మింగి పెరిగాయో తెలుస్తుంది. మసకవాటిని వదిలేస్తే ఆ పద్దు తప్పుతుంది. క్వాసార్లు సుమారు 1000 కోట్ల ఏళ్ల కిందట ముమ్మరంగా వెలిగాయని, తర్వాత తగ్గాయని తెలిసింది ఈ లెక్కతోనే.

జనాభా లెక్కలకు వచ్చినవాళ్లు "మీరేం చేస్తారమ్మా?" అంటే "ఏం లేదండీ, ఇంట్లోనే" అంటాం. తెల్లారకముందే లేచి షిఫ్టు మనిషికి టిఫిను కట్టిన చేయి ఏ లెక్కలోకీ రాదు. కంటికి ఆననంత మాత్రాన వెలుగు లేనట్టా? ఆకాశానికి సరిదిద్దిన లెక్క మనింట్లోనూ సరిదిద్దుకోవద్దూ!