పెట్టె పేరు, పిలుపు పేరు

గోష్పాద రేవులో కార్తికస్నానము చేసి మెట్లెక్కుచున్న ఏ ముసలమ్మను నిలిపి అడిగినను, పైరు మేయవచ్చిన గోవు గౌతమమహర్షి విసరిన దర్భపోచ తగిలి కూలినదనియు, ఆ పాతకమును బాపుకొనుటకు ఆయన శివుని మెప్పించి గంగను ఈ దారిని పారించెననియు, గోవూరే నాలుకలమీద నలిగి కొవ్వూరైనదనియు తడుముకొనకుండ చెప్పును. ఏటికావలి పట్టణము సంగతి వేరు. దొరతనపు కాగితములలో రాజమండ్రియైన రాజమహేంద్రవరము 2015లో సర్కారు ఉత్తర్వుతో తన నిండు పేరును తిరిగి దక్కించుకొన్నది. అయినను కొవ్వూరులో బస్సెక్కినవాడు నేటికిని "రాజమండ్రి ఒకటివ్వండి" అనియే టిక్కెట్టు పుచ్చుకొనును.

ఈ ఉపోద్ఘాతమంతయు ఒక అట్టపెట్టె కొరకు. 1990ల నాటి ఒక వేసవి మధ్యాహ్నము మా మావయ్య రోడ్డు రైలు వంతెన మీదుగా రాజమండ్రి నుండి దానిని చంకనిడుకొని తెచ్చెను. పెట్టెమీద బంగారురంగు ఇంగ్లీషు అక్షరములతో ఏదో పేరుండెను గాని, మాలో నెవ్వరమును దానిని చదివిన పాపమున పోలేదు. టీవీ వెనుకనున్న యాంటెన్నా తీగ నూడదీసి, పెట్టె తీగను తగిలించి, చీమల బారువలె కదలు చుక్కల నడుమనుండి ఎర్రటోపీవాడొకడు ప్రత్యక్షమగువరకు మావయ్య చానలు మరను అటునిటు త్రిప్పుచుండగా, అమ్మమ్మ అడిగినది: "ఏంట్రా ఇది?"

"కంప్యూటరమ్మా. పిల్లల చదువుకి పనికొస్తుంది."

ఆమె కొంతసేపు తెరను చూచి, "చదువైతే మరి ఆ తాబేళ్ళని తొక్కుతాడేంట్రా?" అన్నది.

'9999 ఆటలు' అని అచ్చువేసిన క్యాసెట్టులో లెక్కింపగా తేలినవి పట్టుమని పది. తక్కినవన్నియు వానికే మారుపేర్లు. బొమ్మ నిలువనప్పుడు క్యాసెట్టును పెరికి, దాని నోట ఫూ యని ఊది, మరల గ్రుచ్చుట మా కందరికిని తెలిసిన ఏకైక చికిత్స. రెండు దినములు గడచునప్పటికి వీధి వీధియంతయు "మీ ఇంట్లో మారియో ఉందంట గదా!" యని గుమ్మములో నిలిచెను. ఆ ఎర్రటోపీవాని పేరే యంత్రమునకు పేరై స్థిరపడినది.

ఆనాడు మావయ్య ఆడిన చిన్న అబద్ధము ఆయన సొంతము కాదని, అది ఈ యంత్రజాతికి పుట్టుకతో వచ్చినదని, వీని నామకరణముల చరిత్ర చదివిన తరువాతగాని నాకు తెలియలేదు.

జర్మనీలో పుట్టి, నాజీల ధాటికి తాళలేక 1938లో కుటుంబముతో అమెరికా చేరిన రాల్ఫ్ బేర్ అను యూదు ఇంజనీరు, రక్షణశాఖకు పరికరములు చేయు శాండర్స్ సంస్థలో కొలువు చేయుచు, 1966 సెప్టెంబరులో వ్రాసిన నాలుగు పుటల టిప్పణిలో, టీవీలో వాడుకలేని చానలుపై ఆటలాడించవచ్చునని ప్రతిపాదించి, ఆ చానలుకు 'ఎల్పీ' యని, అనగా 'లెట్స్ ప్లే', ఆడుదము రండని పేరిడెను. 1968 నాటికి సిద్ధమైన నమూనాకు కొయ్యరంగు కాగితము నంటించి 'బ్రౌన్ బాక్స్' అనిరి. గోధుమరంగు పెట్టెను గోధుమరంగు పెట్టె యనుటకన్న నిజాయితీగల నామకరణము ఈ వంశములో మరల జరుగలేదు. 1972లో మాగ్నవాక్స్ సంస్థ దానిని విపణికి తెచ్చునప్పుడు 'స్కిల్-ఓ-విజన్' అను పేరును తలచి మాని, తుదకు 'ఒడిస్సీ' యనినది. పదేండ్లు కడలిపై తిరుగాడి ఇల్లు చేరిన వీరుని గూర్చిన హోమరు మహాకావ్యమెక్కడ, నల్లని తెరమీద కదలు రెండు మూడు తెల్లని చుక్కలు, ఒక గీత యెక్కడ! గెలుపోటముల లెక్కయైనను యంత్రము కట్టదు. అందుకై పాచికలను, ఉత్తుత్తి నోట్లను పెట్టెలో నుంచిరి. ఇంకొక విడ్డూరము: మాగ్నవాక్స్ అనగా లాటిన్ భాషలో మహాస్వరమని యర్థము, ఆ యంత్రము నోట శబ్దమే లేదు.

అదే సంవత్సరము కాలిఫోర్నియాలో నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ యను మిత్రులు సంస్థను నమోదు చేయబోయిరి. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసను నిలుచు స్థితికి, అనగా మన పంచాంగములలోని అమావాస్యాపూర్ణిమలకు, ఖగోళశాస్త్రజ్ఞులు వాడు 'సిజిజీ' యను మాటను వారెన్నుకొనగా, అది అప్పటికే అన్యాక్రాంతమైయుండెను. అంతట బుష్నెల్ తనకు ప్రియమైన గో యను పలకయాట నుండి మూడు జపాను మాటలు వ్రాసియిచ్చెను. వానిలో 'అటారి' నిలిచినది. ఎదుటివాని కాయను మరుయెత్తులో పట్టుకొనగల స్థితి అది. మన చదరంగములో రాజుకు చెక్ చెప్పుట వంటిది. అమావాస్య తప్పి చెక్ దక్కినదన్నమాట!

తరువాతి పేర్లలో చాలవరకు చమత్కారము తక్కువ. 1977లో అటారి 'వీడియో కంప్యూటర్ సిస్టమ్' అనగానే, అంతకు మునుపటి సంవత్సరమే 'వీడియో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్' అని పెట్టుకొనిన ఫెయిర్‌చైల్డ్ సంస్థ, తికమక యగునని, తన దానిని 'చానల్ ఎఫ్' గా మార్చినది. ఎఫ్ అనగా ఫన్, వేడుక. మాటెల్ వారు తెలివిని, టెలివిజన్‌ను అతికించి 'ఇంటెలివిజన్' అనిరి. కొలెకో వారి పేరులో పూర్వపు తోళ్ళ వ్యాపారమింకను వాసన కొట్టుచునే యున్నది: అది 'కనెక్టికట్ లెదర్ కంపెనీ'కి పొట్టి పేరు.

ఇక మా మావయ్య పెట్టె బంధువుల వద్దకు వత్తము. క్యోటో నగరమున 1889లో పూలబొమ్మల పేకముక్కలు చేయుటతో మొదలైన నింటెండో, 1983 జులై 15న ఒక తెలుపు ఎరుపుల పెట్టెను విడిచినది. దానిని రూపొందించిన మసయూకి ఉయెమురా 'గేమ్‌కామ్' అని తలచియుండగా, ఆయన భార్య, ఇది ఒక్కరు వాడు కంప్యూటరు కాదు గదా, ఇల్లంతయు వాడునది గనుక 'ఫామికామ్' అనరాదా యని సూచించెనట. సంస్థాధిపతికి ఆ కుదింపు నచ్చక పెట్టెమీద 'ఫ్యామిలీ కంప్యూటర్' అనియే వేయించెను. జపాను జనము మాత్రము ఇల్లాలి మాటనే పట్టుకొని ఫామికామ్ అనిరి.

ఆ యంత్రమే అమెరికాకు పోవునప్పటికి అచ్చట వీడియోగేముల వ్యాపారము 1983లో కుప్పకూలియుండెను. అటారి తన సరకును న్యూమెక్సికో ఎడారిలో పూడ్చిపెట్టినది. వీడియోగేము అను మాట వినిన దుకాణదారులు తలుపులు మూయుచుండిరి. కావున 1985లో పెట్టెకు బూడిదరంగు పూసి, వీసీఆర్‌వలె ముందునుండి క్యాసెట్టు పెట్టు ఏర్పాటు చేసి, 'నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్' అనిరి. యంత్రము 'కంట్రోల్ డెక్' అయ్యెను, క్యాసెట్టు 'గేమ్ పాక్' అయ్యెను.

కావ్యము, కంప్యూటరు, కుటుంబము, వినోదవ్యవస్థ: ఇవన్నియు డబ్బిచ్చు తండ్రికై పెట్టిన పేర్లేగాని ఆడుకొను పిల్లవానికై పెట్టినవి కావు. ఇంజనీర్లు, అధిపతులు చేసిన పనిని మావయ్య చానలు మర త్రిప్పుచునే ఒక్క మాటలో చేసెను.

ఫామికామ్‌ను అనుకరించిన పెట్టెలు మన బజారులలో 'మీడియా', 'లిటిల్ మాస్టర్' వంటి పేర్లతో అమ్ముడైనవి. లిటిల్ మాస్టర్ అనగానే క్రికెట్టెరిగినవారికి గవాస్కరు తోచును. పెట్టెలోనుండి మాత్రము మీసాల ప్లంబరు దూకెడివాడు. మా యింటిది వీనిలో నేదియో నేడు చెప్పలేను. అడుగున నంటించిన చీటీ ఎప్పుడో ఊడిపోయినది.

మీ అటకమీద అట్టిదొకటి యున్నచో, దుమ్ము దులిపి, చీటీమీది పేరును, మీ వీధిలో దానిని పిలిచిన పేరును, రెండింటిని ఒక కార్డుపై వ్రాసి ఈ పత్రికకు పంపుడు.