కిట్ లెన్స్ తర్వాత ఏది?

కెమెరాతోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్‌తో కొన్నాళ్లు ఫొటోలు తీశాక చాలామందికి ఒక దశలో అసంతృప్తి మొదలవుతుంది. ఇంట్లో తీసినవి గరుగ్గా, మసగ్గా వస్తుంటాయి. గ్రూప్ ఫొటోలో చివర నిలబడ్డ పెదనాన్నగారు సగమే పడతారు. దూరంగా ఉన్నది దగ్గరికి రాదు. ఇక మంచి లెన్స్ కొనాల్సిందేనని దుకాణానికి వెళ్లి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘ఎంత జూమ్ వస్తుంది?’ ఆ ప్రశ్నతో మొదలుపెట్టినవాళ్లు 18-200తోనో 18-300తోనో ఇంటికొస్తారు. వచ్చి అదే హాల్లో, అదే ట్యూబ్‌లైటు వెలుతురులో, అవే మసక ఫొటోలు మళ్లీ తీస్తారు.

క్రాప్ సెన్సర్ కెమెరాకు అన్ని పనులకూ ఒకే జూమ్ లెన్స్ కొనేటప్పుడు దాని మీద రాసిన అంకెల్లో కుడివైపుది చివర చూడాలి. ముందు ఎడమవైపు అంకె చూడాలి. ఆ వెంటనే ఎఫ్ పక్కనున్న అంకె చూడాలి. నేను ఈ వరుస మీదే ఎందుకు పట్టుబడతానో చెప్తాను.

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మి.మీ., ఎత్తు 24 మి.మీ. పాత ఫిల్మ్ రీలులో ఒక్కో ఫ్రేము ఉండే కొలత అదే. క్రాప్ సెన్సర్ అంతకన్నా చిన్నది. నికాన్, సోనీ, ఫూజీ కెమెరాల్లో వెడల్పు సుమారు 23.5 మి.మీ., కానన్‌లో ఇంకొంచెం తక్కువ, సుమారు 22.3. లెన్స్ లోపలికి పంపే దృశ్యంలో నడిమి భాగాన్నే ఈ చిన్న సెన్సర్ పట్టుకుంటుంది, అంచులు బయటే ఉండిపోతాయి. అందుకే 18 మి.మీ. లెన్స్ నికాన్ క్రాప్ కెమెరా మీద ఫుల్ ఫ్రేమ్‌లో 27 మి.మీ. లెన్స్ చూపినంతే చూపిస్తుంది. కానన్ మీద దాదాపు 29. నికాన్‌కు ఒకటిన్నరతో, కానన్‌కు 1.6తో గుణించుకోవడం అలవాటైన లెక్కే.

ఇక్కడ చాలామంది ఒకచోట పొరబడతారు. లెన్స్ మీద డీఎక్స్ అనో ఈఎఫ్-ఎస్ అనో ఉంటే, అంటే అది క్రాప్ కెమెరా కోసమే చేసినదైతే, గుణించనక్కర్లేదనుకుంటారు. అది నిజం కాదు. లెన్స్ ఎవరి కోసం చేసినా 18 అంటే 18 మిల్లీమీటర్లే. ఫుల్ ఫ్రేమ్‌తో పోల్చాలంటే గుణించాల్సిందే. ఒకే కొలత సెన్సర్ ఉన్న క్రాప్ కెమెరాల మధ్యే పోల్చుకునేటప్పుడు మాత్రం గుణకారం ఊసే అక్కర్లేదు.

నిజానికి కొనేవాళ్లకు ఈ గుణకారం కన్నా ఇంకో చిన్న లెక్క ఎక్కువ పనికొస్తుంది. సెన్సర్ వెడల్పును లెన్స్ మిల్లీమీటర్లతో భాగించి, మీకూ ఎదుటివాళ్లకూ మధ్యనున్న దూరంతో గుణించండి. ఫ్రేములో ఎంత వెడల్పు పడుతుందో అడుగుల్లో వచ్చేస్తుంది. మన ఇళ్లలో హాలు ఎంత ఉంటుంది? గోడకు వీపు ఆనించి నిలబడితే ఎదుటివాళ్లు పదడుగుల దూరంలో ఉంటారనుకుందాం. నికాన్ మీద 18 మి.మీ. దగ్గర 13 అడుగులు పడుతుంది. మనిషికి అడుగున్నర చొప్పున ఎనిమిది మంది భుజం భుజం కలిపి నిలబడొచ్చు. 16 మి.మీ. అయితే దాదాపు 14.7 అడుగులు, తొమ్మిది మంది పడతారు. 24 మి.మీ. దగ్గర మొదలయ్యే లెన్స్ పెడితే పదడుగులు కూడా రాదు. ఆరుగురితో ఆగిపోవాలి.

ఎడమవైపు అంకెకు నేను అంత విలువ ఇవ్వడానికి కారణం ఇదే. కుడివైపు తక్కువైతే నాలుగడుగులు ముందుకు వేయొచ్చు, లేదా ఫొటో తీశాక కంప్యూటర్‌లో కత్తిరించుకోవచ్చు. ఎడమవైపు అంకె పెద్దదైతే వెనక్కి జరగాలి, అక్కడ గోడ ఉంది. లేపాక్షి వీరభద్రాలయంలో మండపం పైకప్పు మీది చిత్రాలు తీయాలనుకోండి. కప్పుకూ మీకూ మధ్య దూరం పెంచడం ఎవరి తరమూ కాదు, నేల మీద పడుకోవడం తప్ప. అక్కడ 16కూ 18కీ మధ్య తేడా కళ్లారా కనిపిస్తుంది. అంకెల్లో రెండే, ఫ్రేము వెడల్పులో ఎనిమిదో వంతు.

‘రేపు ఎలాగూ ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొంటాను, ఇప్పుడే దాని లెన్స్ కొనేస్తే పోలా’ అనే ఆలోచన కూడా ఇక్కడే చిక్కులో పడేస్తుంది. 24-70 ఎఫ్/2.8 చాలా గొప్ప లెన్సే, కానీ ఫుల్ ఫ్రేమ్ మీద. నికాన్ క్రాప్ కెమెరా మీద అది 36-105లా పనిచేస్తుంది. వైడ్ అన్నదే లేకుండా పోతుంది. బరువు సంగతి సరేసరి: నికాన్ వాళ్ల 24-70 ఎఫ్/2.8ఈ వీఆర్ లెన్స్ 1070 గ్రాములు. డీ3500 బాడీ బ్యాటరీతో కలిపి 415 గ్రాములే. ఎప్పుడో కొనబోయే కెమెరా కోసం ఇవాళ్టి ఫొటోలు పోగొట్టుకోవద్దు. ఉన్న కెమెరాకు సరిపోయేదే కొనండి. మంచి లెన్సును సెకండ్ హ్యాండ్‌లో అమ్మినా చాలావరకు డబ్బు తిరిగొస్తుంది.

ఇక వెలుతురు. ఎఫ్ పక్కనున్న అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువగా తెరుచుకుంటుంది. మామూలు కిట్ లెన్స్ మీద 3.5-5.6 అని రెండు అంకెలుంటాయి. 18 దగ్గర 3.5 వరకు తెరుచుకుంటుంది, జూమ్ చేసేకొద్దీ మూసుకుంటూ 55 దగ్గర 5.6 దాటి తెరుచుకోదు. ఈమధ్య మిర్రర్‌లెస్ బాడీలతో వచ్చే చిన్న కిట్ లెన్సుల్లో ఇది 6.3 దాకా పోతోంది. జూమ్ మొత్తం మీద ఎఫ్/2.8 ఇచ్చే లెన్స్, 5.6తో పోలిస్తే నాలుగు రెట్ల వెలుతురు లోపలికి రానిస్తుంది.

నాలుగు రెట్లంటే ఏమిటో పెళ్లి పీటల దగ్గర తెలుస్తుంది. తలంబ్రాలు పోసుకునే క్షణం తీసుకోండి. రెండు జతల చేతులు పైకి లేస్తాయి, బియ్యం గాల్లో ఉంటాయి, పెళ్లికూతురు తల పక్కకు తిప్పి నవ్వుతుంది. ముఖాలు దగ్గరగా రావాలని మీరు 50 మి.మీ. దాకా జూమ్ చేసి ఉంటారు. కిట్ లెన్స్ ఎఫ్/5.6 దగ్గర, ఐఎస్ఓ 1600 పెట్టినా షట్టర్ 1/30 సెకను దగ్గరే తచ్చాడుతుందనుకుందాం. చేతులు సాగిపోతాయి, బియ్యం గీతలవుతాయి, నవ్వు అలుక్కుపోతుంది. అదే చోట ఎఫ్/2.8 ఉంటే షట్టర్ 1/125కి వస్తుంది. ఐఎస్ఓను 3200కి పెంచితే 1/250. ఇప్పుడు నవ్వు నవ్వులా వస్తుంది, గింజలు గింజల్లా ఆగుతాయి. ఆ క్షణం మళ్లీ రాదు కాబట్టి ఈ తేడాకు పెట్టే డబ్బు నాకు దుబారాగా అనిపించదు.

‘నా లెన్సులో స్టెబిలైజేషన్ ఉందిగా’ అంటారు. నికాన్‌లో వీఆర్, కానన్‌లో ఐఎస్, సోనీలో ఓఎస్ఎస్, టామ్రాన్‌లో వీసీ, సిగ్మాలో ఓఎస్, ఇవన్నీ ఒకటే. మీ చేతి వణుకును ఇవి సర్దుతాయి. సాయంత్రం వేళ గోపురాన్ని తీస్తే అద్భుతంగా పనిచేస్తాయి, గోపురం కదలదు గనుక. పెళ్లికూతురి చేతిని ఆపడం వాటివల్ల కాదు. కదిలే మనుషులకు కావాల్సింది వెలుతురే.

అయితే ఎఫ్/2.8 లెన్స్ అన్నిచోట్లా నాలుగు రెట్లు ఇస్తుందనుకోకండి. 18 దగ్గర కిట్ లెన్స్ కూడా 3.5 వరకు తెరుచుకుంటుంది కదా. అక్కడ లాభం ఒకటిన్నర రెట్లే. మీరు ఎప్పుడూ వైడ్‌లోనే తీసేవారైతే, పెట్టిన డబ్బుకు తగ్గ తేడా కనపడక నిరాశపడతారు. ఇంకో సంగతి: క్రాప్ కెమెరా మీద ఎఫ్/2.8 వెనక దృశ్యాన్ని మెత్తబరచడంలో ఫుల్ ఫ్రేమ్ మీద సుమారు ఎఫ్/4 అంత. ఎక్స్‌పోజర్ లెక్కలో మాత్రం 2.8 అంటే 2.8నే.

పేర్లలోకి వద్దాం. డీఎస్ఎల్ఆర్ వాడేవారికి సిగ్మా 17-50 ఎఫ్/2.8, టామ్రాన్ 17-50 ఎఫ్/2.8, కానన్ వాళ్ల సొంత ఈఎఫ్-ఎస్ 17-55 ఎఫ్/2.8 ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసినవి. సెకండ్ హ్యాండ్‌లో వెతికితే మంచి ధరకు దొరకొచ్చు. 2013లో వచ్చిన సిగ్మా 18-35 ఎఫ్/1.8 వెలుతురు విషయంలో వీటిని మించింది. కానీ 810 గ్రాముల బరువు, స్టెబిలైజేషన్ లేదు, 35 దగ్గరే ఆగిపోతుంది. దాన్ని అన్ని పనుల లెన్స్ అనలేను. మిర్రర్‌లెస్‌లో 2021లో రెండు మంచివి వచ్చాయి. సిగ్మా 18-50 ఎఫ్/2.8 బరువు 300 గ్రాముల లోపే, మెడలో వేసుకుని రోజంతా తిరగొచ్చు, కానీ స్టెబిలైజేషన్ లేదు. టామ్రాన్ 17-70 ఎఫ్/2.8లో స్టెబిలైజేషన్ ఉంది, కుడివైపు ఇరవై మిల్లీమీటర్లు ఎక్కువ, బరువు 525 గ్రాములు. బాడీలోనే స్టెబిలైజేషన్ ఉన్నవాళ్లకు నేను సిగ్మా చెప్తాను, లేనివాళ్లకు టామ్రాన్. ఫూజీ వాళ్ల 18-55 ఎఫ్/2.8-4 కిట్‌గా వచ్చినా మామూలు కిట్ కాదు. అది ఉన్నవాళ్లు తొందరపడి మార్చుకోనక్కర్లేదు.

ఎక్కువగా ఊళ్లు తిరుగుతూ పగటి వెలుతురులో తీసేవారి సంగతి వేరు. వాళ్లకు ఎఫ్/2.8 కన్నా కాస్త పొడుగు జూమ్ మేలు. నికాన్ 16-80 ఎఫ్/2.8-4, కానన్ 15-85, సోనీ 18-135 ఈ కోవలోవి. మొదటి రెండూ ఎడమవైపు కూడా ఉదారంగా ఉంటాయి. నికాన్ డీఎస్ఎల్ఆర్ వాడుతూ ఒక్కటే లెన్స్ ఉంచుకోవాలంటే నేను కొనేది 16-80నే.

18-200, 18-300, టామ్రాన్ 18-400 వంటి సూపర్‌జూమ్‌లను తీసిపారేయను. సముద్రం ఒడ్డున ఇసుక గాలిలో లెన్స్ మార్చడం ఇష్టం లేనివాళ్లు, బస్సులో తీర్థయాత్రకు వెళ్లి ఒకే లెన్స్‌తో గడిపేవాళ్లు వీటితో సుఖపడతారు. కానీ ఒకే గొట్టంలో పదకొండు, ఇరవై రెండు రెట్ల జూమ్ ఇరికిస్తే ఎక్కడో ఒకచోట వదులుకోక తప్పదు. టెలీ చివర చాలావాటిలో 6.3కి మూసుకుంటుంది, అంచులు మెత్తబడతాయి. దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేసినప్పుడు చాలా సూపర్‌జూమ్‌లు 200 అని రాసినా 200 అంత దగ్గరికి తీసుకురావు. పక్షుల కోసమే కొంటుంటే మాత్రం వద్దంటాను. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు గట్టున నిలబడి ఎర్రకాళ్ల కొంగలను తీయాలంటే, ఉన్న కిట్ లెన్స్‌ను అలాగే ఉంచుకుని విడిగా ఒక 55-250నో 70-300నో తెచ్చుకోవడం మేలు.

బడ్జెట్ చాలనివారికి ఇంకో దారి ఉంది. కిట్ లెన్స్ ఉంచుకుని పక్కన ఒక 50 ఎఫ్/1.8 కొనండి. అదే 50 మి.మీ. దగ్గర కిట్ లెన్స్ ఇచ్చే దానికన్నా దాదాపు పదిరెట్ల వెలుతురు, జూమ్ ధరలో చిన్న భాగానికే. జూమ్ కాదు కాబట్టి కాళ్లు పనిచేయాలి, ఇరుకు గదిలో గ్రూప్ పట్టదు. అయినా పిల్లల ముఖాలకు, పీటల మీది దంపతులకు దానికి సాటి వచ్చేది ఆ ధరలో లేదు.

ఇందులో మీరు ఏ రకమో తేల్చేది మీ పాత ఫొటోలే. కంప్యూటర్‌లో ఫొటో ప్రాపర్టీస్ తెరిస్తే ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర, ఏ ఐఎస్ఓతో తీశారో ఉంటుంది. మీకు నచ్చినవీ చెడిపోయినవీ కొన్ని తీసి చూడండి. ఎక్కువ భాగం 18 దగ్గరా 55 దగ్గరా కుప్పపడి ఉంటాయి. రింగు అక్కడ ఆగిపోతుంది కాబట్టి అది సహజమే, అంతమాత్రాన నిర్ణయానికి రాకండి. 55 దగ్గర తీసి తర్వాత బాగా కత్తిరించినవి ఎన్ని? 18 దగ్గర మనుషులు సగం తెగిపోయినవి ఎన్ని? ఐఎస్ఓ 3200 దాటినా కదిలిపోయినవి ఎన్ని? మొదటివి ఎక్కువైతే పొడుగు జూమ్, రెండోవి ఎక్కువైతే 15, 16 దగ్గర మొదలయ్యేది, మూడోవి ఎక్కువైతే ఎఫ్/2.8.

కొనే రోజు మీ కెమెరా బాడీ, మెమరీ కార్డు వెంట తీసుకెళ్లండి. మౌంట్ కలవడం ఒక్కటే చాలదు. నికాన్ డీ3000, డీ5000 వరుసల బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు, కాబట్టి మోటారు లేని పాత లెన్సులు వాటికి బిగుసుకున్నా ఆటోఫోకస్ కాదు. దుకాణంలోనే ఎదురుగా ఏదైనా అక్షరాలున్న గోడ బోర్డును సూటిగా నిలబడి, జూమ్ రెండు చివర్లలోనూ, అపర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. స్క్రీన్ మీద పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. నాలుగూ ఒకేలా కొంచెం మెత్తగా ఉంటే పర్వాలేదు. ఒక మూల మాత్రమే మసగ్గా ఉంటే లోపలి అద్దం పక్కకు జరిగిందన్నమాట, అది వద్దు. సెకండ్ హ్యాండ్‌దైతే వెనకనుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి ముందునుంచి చూడండి. సాలెగూడులా సన్నని పోగులు కనిపిస్తే ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో బీరువాలో పెట్టి వదిలేసిన లెన్సులకు ఇది మామూలే. ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. మీ కొత్తదానికి కూడా ఆ గతి పట్టకుండా, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. వానాకాలంలో వారానికోసారైనా బయటికి తీసి వాడండి.