మార్టిన్యీ నుండి ఆవోస్టాకు: కొండదారి ప్రయాణమును ఏర్పరచుకొను విధము

ఐరోపా ఖండమున ఆల్ప్సు పర్వతములకు ఉత్తరపు వైపున స్విట్జర్లాండు దేశములో మార్టిన్యీ యను పట్టణమును, దక్షిణపు వైపున ఇటలీ దేశములో ఆవోస్టా యను పట్టణమును గలవు. రెంటి నడుమ మోటారు దారి సుమారు 80 కిలోమీటర్లు. మైదానములో నిది గంటన్నర ప్రయాణము. కాని మార్టిన్యీ సముద్రమట్టమునకు 471 మీటర్ల యెత్తునను, ఆవోస్టా 583 మీటర్ల యెత్తునను ఉండగా, నడుమనున్న గ్రేట్ సెయింట్ బెర్నార్డు కనుమ 2,469 మీటర్ల యెత్తున నున్నది. ఆంధ్రదేశములో ఏ శిఖరమును 1,700 మీటర్లకు మించదని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో, ఆ దారి యెంత పైకి పోవునో చదువరులకు బోధపడగలదు.

మన తెలుగు యువకులు పలువురు నేడు ఐరోపా దేశములలో చదువుచు, ఉద్యోగములు చేయుచు నున్నారు. వారిని చూడబోవు తల్లిదండ్రులును ఇట్టి దారులలో ప్రయాణము చేయుచున్నారు. కనుక ఈ యొక్క దారిని మాదిరిగా తీసికొని, కొండ ప్రయాణమును ఎట్లు ఏర్పరచుకొనవలయునో వివరింపదలచితిమి. పటమును ముందుంచి పిల్లలకు ఈ పని అప్పగించినచో, చాలమంది దూరమును వేగముచే భాగించి ఇన్ని గంటలని వ్రాసి ముగింతురు. ఆ లెక్క కొండలలో చెల్లదు. అచ్చట మొదట విచారింపవలసినది దూరము కాదు, తేదీ.

కనుమమీది దారి సామాన్యముగా జూను మాసపు ప్రారంభము నుండి అక్టోబరు నడిమి వరకు మాత్రమే తెరచియుండును. తక్కిన కాలమంతయు మంచుచే మూయబడును. తెరచు దినము ఏటేట మారుచుండును గనుక, బయలుదేరక ముందే రోడ్ల శాఖవారి ప్రకటనను చూచుకొనవలయును. చలికాలములో పోవలసినవారికి వేరు మార్గమున్నది. 1964వ సంవత్సరమున కొండ క్రిందుగా 5.8 కిలోమీటర్ల సొరంగమును తెరచిరి. సుంకము చెల్లించినచో కొద్ది నిమిషములలో ఒక దేశము నుండి మరియొక దేశమునకు పోవచ్చును. తొందరగలవారికిని, రోగులకును ఇదియే తగినది. అయితే సొరంగములో దీపములును గోడలును తప్ప కనబడున దేమియు లేదు. వేసవిలో ఆకాశము నిర్మలముగా నున్న దినమున సొరంగమున పోవువాడు ఆ దేశమునకు ఏల పోయెనో మాకు తెలియదు. కనుమ దారినే మొదట నిర్ణయించుకొని, వాతావరణము చెడినచో సొరంగమును మారుగా నుంచుకొనుట మంచి యేర్పాటు. స్విట్జర్లాండు వైపున రెండు దారులును బూర్గ్ సెయింట్ పియేరు గ్రామమును దాటిన తరువాతనే విడిపోవును గనుక, అంతవరకు పోయి ఆకాశమును చూచి తీర్మానించుకొనవచ్చును.

ఈ దారికి ప్రాముఖ్యమును తెచ్చినది కనుమమీది సత్రము. దానికై కనీసము రెండు గంటలు కేటాయింపవలయును. రోమీయుల కాలమునుండియు జనులు ఈ కనుమ దాటుచునే యుండిరి. అపొస్తలుల కార్యములలో మనము చదువు క్లౌదియ చక్రవర్తి కాలమున ఇచ్చటి బాట బాగుచేయబడెను. శిఖరమున జూపిటరు దేవత గుడి యుండెడిది. ఆ రాజ్యము పోయిన పిమ్మట బాట పాడై, దొంగలకు నెలవయ్యెను. 972వ సంవత్సరమున క్లూనీ మఠాధిపతియే ఈ లోయలో సారసేనులచే పట్టుబడి, గొప్ప ధనము చెల్లించి విడిపింపబడెను. దొంగలకంటెను మంచు క్రూరమైనది. కనుమకు దిగువ స్విట్జర్లాండు వైపునున్న యొక పల్లమునకు మృతుల లోయ యని నేటికిని పేరు.

ఈ దురవస్థను కన్నులార చూచినవాడు ఆవోస్టా దేవాలయమున ఆర్చిడీకనుగా నుండిన బెర్నార్డు. అలసి, భయపడి, కొన్ని వేళల దోపిడికి లోనై, కొండ దిగివచ్చు యాత్రికులు మొదట చేరునది ఆయన పట్టణమే. ఆయన క్రిందనుండి వారిని ఓదార్చుటతో తృప్తిపొందక, సుమారు 1050వ సంవత్సరమున కనుమమీదనే సత్రమును కట్టించెను. నాటినుండి సుమారు వేయి సంవత్సరములుగా అగస్టీనియను గురువులు చలికాలమునందు సహితము అచ్చట కాపురముండి, వచ్చినవారికి ఆశ్రయ మిచ్చుచున్నారు. ధనికుడా, దరిద్రుడా, ఏ మతస్థుడు అని అడుగుట లేదు. నేటికిని చలికాలమున ఆ సత్రము మూయబడదు. మంచుమీద నడచుటకు తగిన సాధనములతో కాలినడకను పోవువారు చేరుకొందురు. బెర్నార్డు సంఘమునకు చెందినవారు కాకపోయినను మన విద్యార్థులు ఆయన పేరు తెలిసికొనదగినది. 1923వ సంవత్సరమున పదునొకండవ పయసు పోపు ఆయనను పర్వతారోహకులకు సంరక్షకునిగా ప్రకటించెను.

సత్రపు కుక్కలను గూర్చి పిల్లలు తప్పక అడుగుదురు. పదునేడవ శతాబ్దము నుండి అచ్చట పెద్ద కుక్కలను పెంచుచుండిరి. అవి మంచులో దారి కనుగొనుటయందును, కప్పబడిన మనుష్యులను వాసనచే పసిగట్టుటయందును గురువులకు తోడ్పడెను. వానిలో 1800 నుండి 1814 వరకు జీవించిన బారీ యను కుక్క నలుబదిమందికి పైగా ప్రాణములు కాపాడెనని చెప్పుదురు. దాని దేహము బెర్ను నగరపు వస్తుప్రదర్శనశాలలో నున్నది. మెడకు సారాపీపా కట్టుకొనిన కుక్క బొమ్మ మాత్రము చరిత్ర కాదు. 1820వ సంవత్సరమున లాండ్సీరు అను ఆంగ్ల చిత్రకారుడు వ్రాసిన పటమువలన అది వ్యాపించెను. ఇప్పుడు వీటిని బారీ ఫౌండేషనువారు మార్టిన్యీలో పోషించుచు, వేసవిలో కొన్నింటిని కనుమకు కొనిపోవుచున్నారు.

పటముల మాట వచ్చినది గనుక మరియొకటి. 1800 మే మాసమున నెపోలియను సుమారు నలుబది వేల సైన్యముతో ఈ కనుమనే దాటి, జూను 14వ తేదీన మరెంగో యుద్ధమున గెలిచెను. ఫిరంగులను చక్రములనుండి విప్పి, తొలిచిన చెట్టుమ్రానులలో పెట్టి సైనికులు మంచుమీద ఈడ్చిరి. డేవిడు వ్రాసిన పటములో నెపోలియను ఎగురు గుఱ్ఱముపై నున్నాడు. నిజముగా ఆయన ఎక్కినది కంచరగాడిదను, దాని వెంట నడచినవాడు ఆ లోయలోని యొక పల్లెటూరివాడు.

ఇక వేళలు. కొండలలో వేసవి యుదయములు నిర్మలముగా నుండి, మధ్యాహ్నము దాటిన పిమ్మట మేఘములు క్రమ్మి ఉరుములతో వాన కురియుట సామాన్యము. కనుక మార్టిన్యీలో ఉదయము ఏడు గంటలకే బయలుదేరుట మేలు. ఒర్సియేరు, లిడ్డు గ్రామముల మీదుగా పోవునప్పుడు ద్రాన్సు నదిని చూచుచు, తూర్పు దిక్కున మంచు కప్పిన శిఖరములను వెదకుచు, నడుమ నాగి పోయినను తొమ్మిదిన్నరకు కనుమ చేరవచ్చును. ఆ నది నీరు రోను నదిలో కలసి ఫ్రాన్సు దేశము మీదుగా మధ్యధరా సముద్రమునకు పోవును. కనుమ కావలి వైపు నీరు పో నదిద్వారా ఏడ్రియాటిక్ సముద్రమును చేరును. పడిన చినుకు ఇటా అటా యని నిర్ణయించునది ఆ గట్టే.

పైకి పోవుకొలది ప్రతి వేయి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గును. మార్టిన్యీలో 25 డిగ్రీలున్న దినమున కనుమమీద 12 డిగ్రీలే యుండునన్నమాట. గాలి వీచినచో ఇంకను చలి. మే మెండలకు అలవాటుపడిన మనవారు నడి వేసవియని నూలుబట్టలతో పోరాదు. గాలి పీడనము సముద్రతీరమున నున్నదానిలో ముప్పాతిక మాత్రమే గనుక వృద్ధులును, గుండె జబ్బుగలవారును మెల్లగా నడువవలయును, ముందుగా వైద్యుని సలహా పొందవలయును. నీరు అచ్చట 92 డిగ్రీలకే మరుగును. అన్నము ఉడుకుటకు ఆలస్యమగును. పులిహోర మూటకట్టుకొని పోవు మన యాచారము ఈ దారిలో ఎంతయు ప్రశంసనీయము.

ఎక్కుటకంటె దిగుటయే అపాయకరము. కనుమనుండి ఆవోస్టాకు 35 కిలోమీటర్ల లోపల 1,886 మీటర్లు దిగవలయును. ప్రయాణికులతో రెండు టన్నుల బరువుగల కారు ఇంత దిగునప్పుడు విడుదలయగు శక్తితో నూరు లీటర్లకు పైగా చన్నీటిని మరుగబెట్టవచ్చును; మన భౌతికశాస్త్ర విద్యార్థులు లెక్కించి చూచుకొనవచ్చును. అదంతయు బ్రేకులమీదనే వేసినచో అవి కాలి పట్టు తప్పును. కాబట్టి ఎక్కిన గేరులోనే దిగవలయునని కొండవారి సూత్రము. ఇంజను తానే వేగమును ఆపును. ఇరుకైన చోట రెండు బండ్లు ఎదురుపడినచో దిగువాడు ఆగి, ఎక్కువానికి త్రోవ ఇయ్యవలయును. అచ్చట బండ్లు కుడిప్రక్కన నడచునని మనవారు మరువరాదు. మొదటి దినముననే ఈ దారికి పూనుకొనక, క్రింది లోయలో రెండు దినములు అలవాటు చేసికొనుట క్షేమము.

కాగితముల సంగతి క్లుప్తముగా. స్విట్జర్లాండు ఐరోపా సమాఖ్యలో చేరలేదు గాని 2008 నుండి షెంగెను ఏర్పాటులో నున్నది. ఆ వీసా రెండు దేశములకును చాలును. పాసుపోర్టు చేతనుంచుకొనవలయును. ఇటలీలో బండి తోలుటకు మన దేశమున పొందిన అంతర్జాతీయ డ్రైవింగు పర్మిటు కావలయును. అద్దె కారైనచో సరిహద్దు దాటుటకు సొంతదారు అనుమతి వ్రాతమూలముగా పొందవలయును. మార్టిన్యీకి రాజమార్గమున వచ్చువారు ఆ సంవత్సరపు చీటీని పొందియుండవలయును.

సెయింట్ రెమీ, ఎట్రూబ్లు గ్రామములను దాటి, మూడు గంటల వేళకు ఆవోస్టా చేరవచ్చును. ఇది లూకా సువార్తలో పేర్కొనబడిన ఔగుస్తు కైసరు పేర క్రీ.పూ. 25లో స్థాపింపబడినది, ఆయన పేరే వాడుకలో మారి ఆవోస్టా అయ్యెను. ఆయన తోరణమును, రోమీయుల నాటకశాల గోడయు నిలిచియున్నవి. పిమ్మట కాంటర్బరీ ఆర్చిబిషపైన అన్సెల్ము పండితుడు 1033 ప్రాంతమున ఈ యూరనే పుట్టెను. కారును కోటగోడకు వెలుపల నిలిపి, పట్టణమును కాలినడకను చూడవలయును. సాయంకాలము వరకు వెలుతురుండును. మరునాడు మార్టిన్యీకి మరలువారు కనుమను ఒకసారి చూచినవారే గనుక సొరంగమున పోవచ్చును. అప్పుడు గంటన్నరలో ఆవలనుందురు.