కోలారు బంగారము, శిడ్లఘట్ట పట్టు: ధర కట్టునది ఎవరు?

పట్టునూలు ధర పెరిగినప్పుడు దళారిని తిట్టుట, తగ్గినప్పుడు దేవునికి దండము పెట్టుట మన నేతయిండ్లలో అలవాటు. దళారి పుణ్యాత్ముడని మేము అనము. కాని ధరను ఆడించు చేయి చాలాసార్లు సముద్రముల కావల ఉన్నది. కోలారు జిల్లాయే దీనికి సాక్ష్యము.

1929లో అమెరికా షేర్ల బజారు కూలినది. జపాను పట్టుకు పెద్ద గిరాకి అమెరికాయే. అక్కడి స్త్రీల మేజోళ్ళకే ఎంతో పట్టు పోయెడిది. ఆ బేరము పడిపోగా జపానులో పట్టుపురుగులు పెంచు రైతులు చితికిపోయిరి. 1931 డిసెంబరులో జపాను తన నాణెమును బంగారము నుండి విడదీయగా దాని విలువ పడి, సరుకు మరింత చవుక అయినది. ఆ పట్టు, చైనా పట్టు కలిసి మన రేవులలో దిగినవి. మైసూరు సీమలో మల్బరీ వేసిన రైతు, చరకాపై దారము తీయువాడు ఇద్దరును దెబ్బతినిరి. 1934లో గాని రక్షణ సుంకము రాలేదు.

వింత యేమనగా, ఆ రోజులలోనే అదే జిల్లాలోని బంగారు గనులకు మంచి ధర వచ్చినది. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారు ప్రమాణమును వదలగా, పౌనుతో ముడిపడిన మన రూపాయలలో బంగారము ప్రియమైనది. 1934లో అమెరికా ఔన్సు ధరను 20.67 డాలర్ల నుండి 35కు పెంచినది. ఒకే వాన ఒకని చేను ముంచి, ఇంకొకని చెరువు నింపినట్లయినది.

గనుల అదృష్టమును నిలువలేదు. లోతు పెరిగి ఖర్చు పెరిగినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడునాటికి ఔన్సు 300 డాలర్ల లోపే. 2011లో అది 1900 దాటినది; అప్పటికి దిగుటకు గని లేదు.

ఆ 2011లోనే ముడిపట్టుపై దిగుమతి సుంకమును 30 శాతము నుండి 5కు దించిరి. మగ్గమువానికి నూలు చవుక, రైతుకు గూళ్ళ ధర దెబ్బ. చవుక నూలు చూచి సంతోషించిన సభ్యులు మనలోను కలరు. కాని రైతు మల్బరీ పెరికివేసినచో, రేపు చైనా చెప్పిన ధరకే కొనవలెను గదా! 2021లో సుంకము మరల 15 శాతమైనది. జరీ సంగతి చెప్పనే అక్కరలేదు; అది వెండి బంగారముల వెంట పోవునదే.

శిడ్లఘట్ట 2007 నుండి చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరినను, మన నూలు లెక్క అక్కడి గూళ్ళ మార్కెటుతోనే. ఆ రేటును సంఘపు పలకపై వ్రాయించుచున్నాము. ఇకపై దాని ప్రక్కన డాలరు రేటు, వెండి రేటు కూడ వ్రాయించెదము. దసరా బేరమునకు నూలు ఎప్పుడు కొనవలెనో సభ్యులు అవి చూచుకొని వచ్చే సమావేశమున తేల్చవలెను.