పొడుగు డ్రైవరు - పొట్టి కారు

మీ తరగతిలో అందరికంటె పొడుగు ఎవరు? అతను బెంచీలో ఎలా కూర్చుంటాడో ఎప్పుడైనా గమనించారా? ఒక కాలు పక్క దారిలోకి చాచి, రెండో మోకాలు డెస్కు కింద ఇరికించి, నడుము వంకరగా పెట్టి కూర్చుంటాడు. చూసిన మాస్టారు "సరిగ్గా కూర్చో" అంటారు. పాపం, తప్పు అతనిది కాదు. బెంచీ అతని కాళ్ళకు చేసింది కాదు, అంతే!

ఇలాంటి చిక్కే మా జైనూర్‌లో ఒక డ్రైవరుకు వచ్చింది. కొన్నేళ్ళ కిందట నా దగ్గర పదో తరగతి చదివినవాడే. ఎత్తు 188 సెంటీమీటర్లు, అంటే 6 అడుగుల 2 అంగుళాలు. అప్పుచేసి ఒక పాత చిన్న కారు కొన్నాడు. ఉట్నూరుకూ, ఆసిఫాబాదుకూ మనుషుల్ని చేరవేస్తాడు. ఆసిఫాబాదు దారిలో కెరమెరి ఘాటు ఉంది. ఆ మలుపుల్లో స్టీరింగు తిప్పినప్పుడల్లా చక్రం అతని మోకాలికి తగిలేది.

ఒకరోజు బడికి వచ్చాడు. "సార్, ఈ కారు నాకు సరిపోతలేదు. మొన్న ఒక మలుపుల బ్రేకు మీదికి కాలు టైముకు పోలే. అమ్మేస్త" అన్నాడు.

"మరి అప్పు?" అని అడిగాను. జవాబు లేదు.

"అమ్మే ముందు ఒకసారి కొలుద్దాం బిడ్డా" అన్నాను.

అతని భయం వట్టిది కాదు. లెక్క వేయండి. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. కాలు ఇరుక్కుని బ్రేకు వేయడం అర సెకను ఆలస్యమైతే కారు 5 మీటర్లు ముందుకు పోతుంది. ఘాటు మలుపులో 5 మీటర్లంటే రోడ్డుకూ లోయకూ ఉన్న తేడా!

కారు ఎందుకు చిన్నదైంది?

1956లో సూయజ్ కాలువ గొడవతో బ్రిటనులో పెట్రోలుకు కరువు వచ్చింది. తక్కువ పెట్రోలు తాగే చిన్న కారు కావలసి వచ్చింది. అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరు రూపొందించిన 'మినీ' కారు 1959లో వచ్చింది. దాని పొడవు సుమారు 10 అడుగులే. ఇంజనును అడ్డంగా తిప్పి పెట్టి, మిగిలిన చోటును మనుషులకు ఇచ్చాడాయన. మన దేశంలో 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లోనూ ఇంజను అడ్డంగానే ఉండేది. దాని పొడవు సుమారు 3.3 మీటర్లు. 2014లో దాని తయారీ ఆగిపోయింది గాని, చిన్న కారు అనగానే ఇప్పటికీ చాలామందికి అదే గుర్తొస్తుంది.

కారును చిన్నది చేయవచ్చు, మనిషిని చేయలేం గదా! మరి ఎవరి కొలతకు సీటు అమర్చాలి?

సగటు మనిషి ఎక్కడున్నాడు?

"సగటు మనిషికి అమర్చితే సరి" అని మీరనవచ్చు. ఒకప్పుడు అమెరికా వైమానిక దళం వారూ అలాగే అనుకున్నారు. 1950 ప్రాంతంలో 4,063 మంది విమాన చోదకుల శరీర కొలతలు తీశారు. గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ పరిశోధకుడు వాటిలో ముఖ్యమైన 10 కొలతలు ఎంచుకుని, పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవారెందరో లెక్కపెట్టాడు. ఎందరు తేలారంటారు? ఒక్కరూ లేరు! ఒకరి చేతులు పొడుగైతే కాళ్ళు పొట్టి. ఇంకొకరి కాళ్ళు సగటైతే ఛాతీ పెద్దది. సగటు మనిషికని చేసిన సీటు నిజానికి ఎవరికీ సరిపోదన్నమాట.

అందుకే సీటును జరిపే ఏర్పాటు కావాలి. కార్లు తయారుచేసేవారు సాధారణంగా ఆడవాళ్ళలో నూటికి అతి పొట్టి ఐదుగురినీ, మగవాళ్ళలో నూటికి అతి పొడుగు ఐదుగురినీ విడిచి, మధ్యవారందరికీ సరిపోయేలా సీటు జరిగే దూరాన్ని నిర్ణయిస్తారు. మన దేశీయుల శరీర కొలతలతో అహమదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లో ఒక పుస్తకమే ప్రచురించింది. మనిషికి తగినట్లు పనిముట్టును అమర్చే ఈ శాస్త్రం పేరు ఎర్గోనామిక్స్. గ్రీకు భాషలో 'ఎర్గాన్' అంటే పని, 'నోమోస్' అంటే నియమం.

టేపు ఏం చెప్పింది?

మా ప్రయోగశాలలో ఒక స్టూలు మీద అతన్ని నిటారుగా కూర్చోబెట్టి, స్టూలు నుంచి నడినెత్తి దాకా కొలిచాను. 92 సెంటీమీటర్లు. వెంట వచ్చిన అతని బావ ఎత్తు 178. అతన్నీ కూర్చోబెట్టి కొలిస్తే అదీ 92 సెంటీమీటర్లే! నిలబడితే 10 సెంటీమీటర్ల తేడా, కూర్చుంటే ఇద్దరూ సమానం. అంటే ఆ తేడా అంతా కాళ్ళలోనే ఉంది.

చూశారా! పొడుగువాళ్ళందరి చిక్కూ ఒకటి కాదు. మొండెం పొడుగైతే తల కప్పుకు తగులుతుంది. కాళ్ళు పొడుగైతే మోకాలు స్టీరింగుకు తగులుతుంది. మావాడిది రెండో రకం. కాని అతను తల తగులుతుందేమోనని, సీటు వీపును బాగా వెనక్కి వాల్చుకుని నడుపుతున్నాడు!

దాని ఫలితం చూడండి. పదో తరగతి త్రికోణమితి చాలు. సీటు వీపు నిట్టనిలువు నుంచి 20 డిగ్రీలు వాలితే తల ఎత్తు 92 × 0.94, అంటే 86.5 సెంటీమీటర్లు. 30 డిగ్రీలు వాలితే 92 × 0.87, అంటే 80. తలపైన ఆరేడు సెంటీమీటర్లు మిగిలాయి, నిజమే. మరి భుజం? అది సీటుకు సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. 20 డిగ్రీలకు అది 60 × 0.34, అంటే సుమారు 20 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. 30 డిగ్రీలకు 60 × 0.5, అంటే 30. తలకు అనవసరంగా ఆరేడు సెంటీమీటర్లు మిగుల్చుకుని, చేతులకు దాదాపు 10 సెంటీమీటర్లు పోగొట్టుకున్నాడు. ఇక స్టీరింగు అందడానికి సీటును ముందుకు జరిపేవాడు. మోకాళ్ళు వచ్చి చక్రానికి తగిలేవి!

వీపును 20 డిగ్రీలకు లేపాం. తలకూ కప్పుకూ మధ్య ఇంకా నాలుగు వేళ్ళ సందుంది. ఇక సీటును వెనక్కి జరపబోతే కదల్లేదు. వంగి చూస్తే, కారు పాత యజమాని కాలం నాటి తుప్పుపట్టిన పానా ఒకటి పట్టాలో ఇరుక్కుని ఉంది. తీసేశాక సీటు మరో నాలుగు గాళ్ళు వెనక్కి జరిగింది!

వరుస తప్పకూడదు

సీటు సవరించడానికి ఒక వరుస ఉంది. ముందు నడుము సీటు వెనక్కి ఆనేలా కూర్చోవాలి. తరువాత క్లచ్చి పూర్తిగా తొక్కి చూడాలి. అప్పుడూ మోకాలు కొంచెం వంగే ఉండాలి. కాలు కర్రలా చాచుకుంటే గట్టిగా తొక్కడానికి బలం మిగలదు, గుద్దుకుంటే ఆ దెబ్బ నేరుగా తుంటికి పోతుంది.

మూడోది వీపు వాలు. భుజాలు సీటుకు ఆనించే చేయి చాస్తే మణికట్టు స్టీరింగు పై అంచుమీద ఆనాలి. ఛాతీకీ స్టీరింగు మధ్యభాగానికీ కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలి, ఎందుకంటే ప్రమాదంలో గాలిసంచి రెప్పపాటుకన్న తక్కువ కాలంలో ఉబ్బుతుంది. తల వెనక దిండు పై అంచు నడినెత్తికి సమంగా ఉండాలి. అద్దాలు చిట్టచివర. పతనకోణం, పరావర్తనకోణం సమానమని చదివారు గదా! కన్ను కదిలితే అద్దంలో కనబడేదీ మారుతుంది.

ఇంకొక మాట. కాళ్ళు పొడుగైనవారి తొడలు చిన్న సీటు అంచుమీదుగా గాలిలో ఉంటాయి. బరువంతా పిరుదుల కింద కొద్ది చోటనే పడుతుంది. వైశాల్యం తగ్గితే పీడనం పెరుగుతుంది గదా! అందుకే తిమ్మిరి. సీట్లు కుట్టే మేస్త్రీ సీటు ముందు అంచున గట్టి స్పాంజి వేసి బిగించి కుట్టాడు. వదులు దిండు పెట్టకూడదు, బ్రేకు వేసినప్పుడు జారుతుంది.

మర్నాడు కెరమెరి ఘాటు దాకా అతని పక్క సీట్లో నేనూ వెళ్ళాను. మొదటి మలుపులో అతను చక్రం వైపు కాదు, తన మోకాలి వైపు చూశాడు. మధ్యలో మూడు వేళ్ళ సందుంది. రెండో మలుపునుంచి రోడ్డునే చూశాడు. కారు అమ్మలేదు.

అన్ని కార్లూ ఇలా దారికి వస్తాయని కాదు. ఎంత సవరించినా మోకాలు తగులుతూనే ఉంటే ఆ కారు ఆ మనిషికి తగదు. అప్పుడు మార్చవలసింది కారునే, మనిషి తన ఒళ్ళు వంకర చేసుకోకూడదు.

మీకు 18 ఏళ్ళు నిండి లైసెన్సు వచ్చేదాకా స్టీరింగు ముట్టకూడదు. టేపు ముట్టడానికి మాత్రం ఏ లైసెన్సూ అక్కరలేదు. రేపు మీ తరగతిలో పదిమందిని నిలబెట్టి, తరువాత కూర్చోబెట్టి కొలవండి. బెంచీ ఎత్తు, డెస్కు ఎత్తు కొలవండి. ఎవరి మోకాళ్ళకు చోటు చాలడం లేదో పట్టిక వేసి మీ సైన్సు మాస్టారుకు చూపండి. ఈసారి ఆయన "సరిగ్గా కూర్చో" అనే ముందు బెంచీ వైపు కూడా చూస్తారు!